అడగడం నుంచి నిర్ణయించడం దాకా: గ్రామపంచాయతీ ప్రణాళికలో ప్రజా పరిశోధన – ఒక విమర్శనాత్మక పరిశీలన

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• శ్రేయస్సు, ప్రజా పరిశోధన అనే భావనలను వివరించగలుగుతారు.
• గ్రామపంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారయ్యే తీరును దశలవారీగా చెప్పగలుగుతారు.
• ప్రజలు చెప్పిన విషయాలు ప్రణాళికలోకి రాకుండా ఎక్కడెక్కడ ఆగిపోతాయో గుర్తించగలుగుతారు.
• మీ పంచాయతీ ప్రణాళికను ఒక కొలబద్దతో విమర్శనాత్మకంగా చదవగలుగుతారు.

7.1 విషయ ప్రవేశం

గ్రామపంచాయతీ మీకు కొత్త విషయం కాదు. ఈ కోర్సు చదివేవారిలో చాలామంది ఏదో ఒక పంచాయతీ పరిధిలో నివసిస్తున్నవారే. మీలో వార్డు సభ్యులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆశా కార్యకర్తలు, పంచాయతీ కార్యదర్శులు, స్వయం సహాయక సంఘాల నాయకులు కూడా ఉండవచ్చు. మీ ఇంటికి ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఫారమో, ట్యాబో పట్టుకుని వచ్చి ఉంటారు. మరుగుదొడ్డి ఉందా, కుళాయి ఉందా, పిల్లలు బడికి వెళ్తున్నారా, ఇంట్లో ఎవరికైనా దీర్ఘకాలిక జబ్బు ఉందా అని అడిగి ఉంటారు. లేదా మీరే అలా వెళ్లి ఇతరులను అడిగి ఉంటారు.

ఆ సమాధానాలు తరవాత ఏమయ్యాయి? ఈ పాఠం మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూ నడుస్తుంది. సమాచారం సేకరించడం ఎలాగో గత పాఠాల్లో చదువుకున్నారు. సేకరించిన సమాచారం నిర్ణయంగా మారే దారిని ఇక్కడ పరిశీలిద్దాం. మన పంచాయతీల్లో ప్రజలను అడగడం ఇప్పుడు చాలా ఎక్కువగానే జరుగుతోంది. అడిగినదానికీ నిర్ణయించినదానికీ మధ్య ఉండవలసిన లంకె మాత్రం బలహీనంగా ఉంది. ఇది ఈ పాఠంలో నేను చేస్తున్న వాదన. దీనిని మీరు ఒప్పుకోనవసరం లేదు. చివర ఇచ్చిన అభ్యాసం చేసి మీ ఊరి విషయంలో నిజమో కాదో మీరే తేల్చుకోండి.

7.2 శ్రేయస్సు, ప్రజా పరిశోధన: పదాల అర్థం

సంక్షేమం, శ్రేయస్సు అనే రెండు మాటలను మనం తరచు ఒకే అర్థంలో వాడుతుంటాం. ఈ పాఠంలో వాటిని వేరుచేసి చూద్దాం. పింఛను, రేషను, ఇంటి స్థలం వంటివి ప్రభుత్వం అందించే సంక్షేమ చర్యలు. వాటిని అందుకున్న మనిషి వాస్తవంగా ఎలా బతుకుతున్నాడన్నది శ్రేయస్సు. తిండి, ఆరోగ్యం, ఆదాయంతోపాటు భయం లేకుండా తిరగగలగడం, నలుగురిలో మర్యాద ఉండడం, కష్టం వచ్చినప్పుడు పలకరించే మనిషి ఉండడం కూడా శ్రేయస్సులో భాగాలే. ఒక వృద్ధురాలికి పింఛను ప్రతినెలా అందుతూ ఉండవచ్చు. మందులు తెచ్చిపెట్టే మనిషి లేకపోతే సంక్షేమం అందినా శ్రేయస్సు లేదని చెప్పాలి.

ప్రజా పరిశోధన అంటే ఒక ప్రాంతంలో నివసించేవారి స్థితిగతులను వారి భాగస్వామ్యంతో తెలుసుకోవడం. ఇంటింటి సర్వే, బృంద చర్చ, గ్రామ నడక, సామాజిక పటం, వనరుల పటం, ఋతువులవారీ పనుల పట్టిక, చింతగింజలతో ప్రాధాన్యాలు లెక్కించడం వంటివన్నీ దీని పద్ధతులు. వీటిలో చాలావాటిని భాగస్వామ్య గ్రామీణ మదింపు పేరుతో ఇప్పటికే చదివారు. సర్వే 'ఎంత', 'ఎందరికి' అన్న ప్రశ్నలకు బాగా జవాబిస్తుంది. చర్చ, నడక, పటం 'ఎందుకు', 'ఎవరికి ఎలా' అన్న ప్రశ్నలకు జవాబిస్తాయి. శ్రేయస్సును అర్థం చేసుకోవడానికి రెండూ కావాలి.

7.3 ప్రణాళిక చట్రం

రాజ్యాంగ 73వ సవరణ చట్టం 1993 ఏప్రిల్ 24 నుంచి అమలులోకి వచ్చింది. 243-జి అధికరణం ప్రకారం ఆర్థికాభివృద్ధి, సామాజిక న్యాయం కోసం ప్రణాళికలు తయారుచేసే అధికారాన్ని రాష్ట్ర శాసనసభలు పంచాయతీలకు ఇవ్వవచ్చు. పదకొండో షెడ్యూలులో ఇందుకు సంబంధించి 29 అంశాలు ఉన్నాయి. అయితే చాలాకాలం ఈ అధికారం కాగితం మీదే ఉండిపోయింది. 2015-20 కాలానికి 14వ ఆర్థిక సంఘం గ్రామపంచాయతీలకు నేరుగా పెద్ద మొత్తంలో గ్రాంట్లు సిఫారసు చేయడంతో పరిస్థితి కొంత మారింది. ఆ నిధుల ఖర్చుకు ప్రణాళిక కావలసి రావడంతో 2015లో గ్రామపంచాయతీ అభివృద్ధి ప్రణాళిక మార్గదర్శకాలు వచ్చాయి. తెలంగాణలో అదే ఏడాది ఆగస్టు 17న వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో గ్రామజ్యోతి కార్యక్రమం ప్రారంభమైంది.

2018 అక్టోబరు 2 నుంచి దేశమంతటా ప్రజా ప్రణాళిక ప్రచారోద్యమం మొదలైంది. గ్రామాల్లో ఉన్న సదుపాయాలను, సేవలను లెక్కించే మిషన్ అంత్యోదయ సర్వేను దానికి జోడించారు. 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్ వచ్చింది. తరవాత సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను స్థానిక స్థాయికి తెచ్చి 9 ఇతివృత్తాలుగా విభజించారు: పేదరికం లేని గ్రామం, ఆరోగ్యకర గ్రామం, బాలలకు అనువైన గ్రామం, నీరు సమృద్ధిగా ఉన్న గ్రామం, పచ్చదనం–పరిశుభ్రత గల గ్రామం, మౌలిక సదుపాయాల్లో స్వయం సమృద్ధ గ్రామం, సామాజిక న్యాయం–భద్రత గల గ్రామం, సుపరిపాలన గల గ్రామం, మహిళలకు అనువైన గ్రామం. ఈ జాబితా చూస్తే మన ప్రణాళికా భాష రోడ్లు, కాలువల నుంచి మనుషుల శ్రేయస్సు వైపు కదిలిందని ఒప్పుకోవాలి. అది చిన్న విషయం కాదు.

మార్గదర్శకాల ప్రకారం ప్రక్రియ స్థూలంగా ఇలా ఉంటుంది: సమాచార సేకరణ, పరిస్థితి విశ్లేషణ, గ్రామసభలో చర్చ, ప్రాధాన్యాల నిర్ణయం, వనరుల అంచనా, పనుల రూపకల్పన, మళ్లీ గ్రామసభలో ఆమోదం, పోర్టల్‌లో నమోదు, అమలు, సమీక్ష. స్వయం సహాయక సంఘాలు తయారుచేసే గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళికను కూడా ఇందులో చేర్చాలి. హక్కుగా రావలసిన పథకాలు, జీవనోపాధులు, ఉమ్మడి సేవలు, సామాజిక సమస్యలపై మహిళలు తమ సంఘాల్లో కూర్చుని తయారుచేసే పత్రం అది. ప్రజా పరిశోధనకు ఇది మంచి నమూనా.

కాగితం మీద చూస్తే ఈ చట్రంలో పెద్ద లోపం కనిపించదు. లోపాలు ఒక దశ నుంచి మరో దశకు వెళ్లేచోట ఉన్నాయి.

7.4 విమర్శ

7.4.1 ఎవరిని, ఎప్పుడు, ఎక్కడ అడిగాం?

రాబర్ట్ చాంబర్స్ 1983లో ప్రచురించిన 'రూరల్ డెవలప్‌మెంట్: పుటింగ్ ద లాస్ట్ ఫస్ట్' అనే గ్రంథంలో, బయటినుంచి వచ్చే అధికారులు, పరిశోధకులు పేదరికాన్ని ఎందుకు చూడలేకపోతారో వివరించాడు. వారు తారురోడ్డు పక్క ఊళ్లకే వెళ్తారు. వానాకాలంలో కాక దారులు ఎండిన రోజుల్లో వెళ్తారు. ఊరి పెద్దలతో, మగవారితో, పథకం అందినవారితో మాట్లాడతారు. ఈ పుస్తకం నేను తరగతిలో ఎన్నోసార్లు పాఠంగా చెప్పాను. చెబుతూనే అదే తప్పు చేశాను.

సుమారు పాతికేళ్ల కిందట, జన్మభూమి సభలు జరుగుతున్న రోజుల్లో, విద్యార్థులతో ఒక గ్రామానికి వెళ్లి నాలుగు రోజులు ఉన్నాను. నాట్లు ముమ్మరంగా సాగుతున్న సమయం. ఉదయం పది గంటలకు రామాలయం ముందు ముగ్గుపిండితో, రంగులతో సామాజిక పటం వేయించాం. చాలామంది వచ్చారు, ఉత్సాహంగా మాట్లాడారు. చింతగింజలతో ప్రాధాన్యాలు లెక్కిస్తే సిమెంటు రోడ్డు మొదటిది, కమ్యూనిటీ హాలు రెండోది అయ్యాయి. మంచినీరు చాలా కిందకి పోయింది. ఊళ్లో ట్యాంకు ఉంది కాబట్టి అది సహజమే అనుకున్నాం. పటం చుట్టూ ఎస్సీ కాలనీ స్త్రీలు ఒక్కరూ లేరని మాలో ఎవరూ గమనించలేదు. ఆ వేళకు వారంతా నాట్లలో ఉన్నారు.

మూడో రోజు రాత్రి కాలనీలో బస చేసిన ఒక విద్యార్థిని ఒక ముసలామె మాట విని వచ్చి చెప్పింది. కాలనీ బోరు నీళ్లు ఉప్పన. తాగడానికి పొలాల్లోని మోటారు దగ్గరికి వెళ్లాలి. త్రీఫేజు కరెంటు రాత్రి ఎప్పుడు వస్తే అప్పుడు లేచి వెళ్లాలి. మోటారు యజమాని కాదంటే ఇంకో పొలానికి పోవాలి. అందుకే ఆయన పొలంలో కూలికి పిలిస్తే ఆ ఇళ్ల స్త్రీలు కాదనలేరు, కూలి తక్కువైనా అడగలేరు.

నీళ్లు, రాత్రి భయం, కూలి రేటు, మర్యాద అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. నేను దానిని నివేదిక అనుబంధంలో 'అదనపు పరిశీలనలు' శీర్షిక కింద ఒక వాక్యంగా చేర్చాను. ముఖ్య సిఫారసుల్లో రోడ్డే మొదట నిలిచింది. నివేదికను ఇంగ్లీషులో రాశాను. ఒక ప్రతి శాఖకు, ఒకటి కార్యాలయానికి వెళ్లాయి. ఊరికి ఒక్కటీ వెళ్లలేదు. ఈ తప్పు పద్ధతిది కాదు, ఊరివారిదీ కాదు, నాది.

ఈ అనుభవం చెప్పడానికి కారణం ఉంది. భాగస్వామ్య పద్ధతి వాడినంత మాత్రాన అందరూ భాగస్వాములు కారు. పశ్చిమ భారతంలోని ఒక వ్యవసాయాభివృద్ధి ప్రాజెక్టులో పనిచేసిన మానవశాస్త్రవేత్త డేవిడ్ మోస్ 1990లలో ఇదే విమర్శ చేశాడు. నలుగురి ముందు జరిగే పటాల సభలో పలుకుబడి గలవారి అభిప్రాయం ఊరందరి అభిప్రాయంగా నమోదవుతుంది. స్త్రీల అనుభవం అక్కడ పలకడం కష్టం. మన గ్రామసభకూ ఈ విమర్శ వర్తిస్తుంది. గ్రామసభ తప్పనిసరే. కానీ దానికి ముందు కాలనీలో, తండాలో, పనివేళ దాటాక విడిగా సమావేశాలు జరగకపోతే, గ్రామసభలో కొన్ని గొంతులే వినిపిస్తాయి.

7.4.2 సగటు దాచే విషయాలు

మిషన్ అంత్యోదయ వంటి సర్వేలు ఊళ్లో ఒక సదుపాయం ఉందా లేదా, లేకపోతే ఎంత దూరంలో ఉంది అని ప్రధానంగా అడుగుతాయి. ఊళ్ల మధ్య పోలిక చూడడానికి ఇది అవసరం. ఊరి లోపలి తేడాలు మాత్రం ఇందులో కనిపించవు. నేను చెప్పిన ఊళ్లో 'మంచినీటి ట్యాంకు ఉందా?' అన్న ప్రశ్నకు 'ఉంది' అన్నది సరైన జవాబే. ఆ జవాబు తప్పు కాదు కాబట్టే దానిని సరిదిద్దే అవకాశం కూడా ఉండదు.

తెలంగాణలో 2018లో ఎన్నో తండాలను, గూడేలను ప్రత్యేక పంచాయతీలుగా చేశారు. అందుకు ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి: పెద్ద ఊరి లెక్కలో కలిసి ఉన్నంతకాలం తండా అవసరం విడిగా కనిపించదు. షెడ్యూల్డు ప్రాంతాలకు వర్తించే 1996 నాటి పెసా చట్టం ఆవాసాన్ని ప్రమాణంగా తీసుకుని గ్రామసభను గుర్తించడంలోనూ ఇదే ఆలోచన ఉంది. ప్రతి వీధికీ ఒక పంచాయతీ ఏర్పరచడం కుదరదు. అయితే సర్వే ఫలితాలను ఆవాసాలవారీగా, వీధులవారీగా విడదీసి చూపడం ఏ పంచాయతీకైనా సాధ్యమే. దానికి అదనపు ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

7.4.3 సమస్య 'పని'గా మారడం

పరిశోధనలో తేలిన విషయం ప్రణాళికలోకి రావాలంటే అది ఒక 'పని'గా మారాలి. ఆ పనికి అంచనా, నిధుల పద్దు ఉండాలి. పోర్టల్‌లో ఏదో ఒక రంగం కింద నమోదు కావాలి. సిమెంటు రోడ్డుకు ఇది సులభం: ఇన్ని మీటర్లు, ఇన్ని లక్షలు. సాయంత్రం చీకటి పడ్డాక ఆడపిల్లలు కళాశాల బస్సు దిగి నడిచివచ్చే దారి భయంగా ఉందన్న విషయాన్ని ఏ పనిగా రాయాలి? సాధారణంగా 'వీధిదీపాలు' అని రాస్తారు. కొంతవరకు సరే. అదే దారిలో ఉన్న బెల్టు షాపు, బస్సు వేళలు, తోడు వచ్చే మనిషి లేకపోవడం ఆ పద్దులోకి రావు.

ఇలా ప్రతి అనుభవాన్నీ వస్తువుగా మార్చే క్రమంలో శ్రేయస్సు మళ్లీ సదుపాయాల జాబితా అవుతుంది. నిజానికి మార్గదర్శకాలు తక్కువ ఖర్చుతో, ఖర్చు లేకుండా చేసే పనులను కూడా ప్రణాళికలో చేర్చమంటాయి. బస్సు వేళ మార్చమని ఆర్టీసీకి తీర్మానం పంపడం, ఒంటరి వృద్ధులను వారానికోసారి పలకరించే బాధ్యతను సంఘాలు తీసుకోవడం, బడి మానిన పిల్లల ఇళ్లకు వార్డు సభ్యులు వెళ్లడం ఇలాంటివే. చాలా ప్రణాళికల్లో ఈ భాగం ఖాళీగానో, నామమాత్రంగానో ఉండడానికి ఒక కారణం కనిపిస్తుంది. డబ్బు ఖర్చు కాని పనికి బిల్లు ఉండదు, కొలతల పుస్తకం ఉండదు. జరిగిందా లేదా అని అడిగేవారూ ఉండరు.

7.4.4 ముందే దారి నిర్ణయమైన డబ్బు

2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకు మొత్తం 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. ఇందులో 60 శాతం షరతులతో కూడినది: సగం తాగునీరు, వాననీటి సంరక్షణ, నీటి పునర్వినియోగానికి; సగం పారిశుద్ధ్యానికి. మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడవచ్చు, జీతాలకు, కార్యాలయ నిర్వహణకు వాడరాదు.

ఒక ఊహా పంచాయతీకి ఏడాదికి 10 లక్షలు వచ్చాయనుకుందాం. నీటికి 3 లక్షలు, పారిశుద్ధ్యానికి 3 లక్షలు ముందే కేటాయింపయ్యాయి. ఇక 4 లక్షలు మిగిలాయి. వీధిదీపాలు, అంతర్గత రోడ్లు, కాలువ మరమ్మతులు ఇందులోంచే జరగాలి. గ్రామసభలో మూడు గంటలు చర్చించి 40 అవసరాలు రాసుకున్నా, చేతిలో ఉన్న స్వేచ్ఛ ఇంతే. ఏటా ఇదే జరిగితే జనం గ్రామసభకు రావడం తగ్గిస్తారు. దానిని 'ప్రజల నిర్లిప్తత' అని మనం నివేదికల్లో రాస్తాం.

అయితే ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించండి. నా అనుభవంలోని కాలనీకి కావలసింది తాగునీరు. నేటి షరతుల గ్రాంటు సరిగ్గా అందుకోసమే ఉంది. అంటే అలాంటిచోట ఈనాడు అడ్డంకి డబ్బు కాకపోవచ్చు. 'ఊళ్లో ట్యాంకు ఉంది' అన్న వాక్యం అడ్డంకి కావచ్చు. కాబట్టి నిధులు లేవన్న మాట విన్నప్పుడల్లా, ఏ పరిశీలనకు లేవు, ఏ పద్దులో లేవు అని అడగండి.

7.5 కేరళ అనుభవం

పరిశోధనకూ నిర్ణయానికీ మధ్య లంకె వేయడం సాధ్యమేనా అన్న ప్రశ్నకు కేరళ ప్రజా ప్రణాళిక ప్రచారోద్యమం ఒక జవాబు. అది 1996 ఆగస్టు 17న మొదలైంది. రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇస్తామని ప్రభుత్వం ముందే ప్రకటించింది. ప్రణాళిక వేశాక డబ్బు వెతుక్కోవలసిన స్థితి లేకపోవడం అక్కడి మొదటి విశేషం.

రెండో విశేషం పరిశోధన క్రమం. వార్డు స్థాయి గ్రామసభలో జనాన్ని రంగాలవారీగా చిన్న బృందాలుగా కూర్చోబెట్టి చర్చింపజేశారు. పెద్ద సభలో నోరు విప్పనివారు చిన్న బృందంలో మాట్లాడతారన్నది ఉద్దేశం. తరవాత ప్రతి పంచాయతీ తన వనరులను, చరిత్రను, సమస్యలను వివరించే అభివృద్ధి నివేదిక రాసుకుంది. దానిని గ్రామసభలు ఎన్నుకున్న ప్రతినిధులతో జరిగిన అభివృద్ధి సెమినారులో చర్చకు పెట్టారు. ఆ తరవాతే కార్యదళాలు పథకాలు రూపొందించాయి. విశ్రాంత ఇంజనీర్లు, అధ్యాపకులు, నిపుణులు స్వచ్ఛందంగా సాంకేతిక పరిశీలన చేశారు. దీని వెనుక కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు అంతకుముందే కన్నూరు జిల్లా కల్యాశ్శేరి వంటిచోట్ల చేసిన వనరుల పటాల అనుభవం ఉంది.

కేరళను ఆదర్శంగా పూజించనవసరం లేదు. మొదటి గ్రామసభల్లో స్త్రీల హాజరు ఆశించినంతగా లేదు. ప్రణాళికా నిధుల్లో కనీసం 10 శాతం స్త్రీల కోసం కేటాయించాలన్న నియమం పెట్టినా, దానిని అర్థవంతంగా ఖర్చుచేయడం చాలాచోట్ల కష్టమైంది. కొన్నేళ్లకు గ్రామసభ లబ్ధిదారుల ఎంపిక సభగా కుదించుకుపోయిందన్న విమర్శ కూడా వచ్చింది. అక్షరాస్యత, బలమైన ప్రజాసంఘాలు ఉన్న రాష్ట్రంలో సాధ్యమైనది అన్నిచోట్లా అదే రూపంలో సాధ్యం కాదు. అయినా ఒక పాఠం మిగులుతుంది. అభివృద్ధి నివేదిక ఊరివారి భాషలో, ఊరివారి చేతిలో ఉండేది. పథకాన్ని నివేదికతో పోల్చి ప్రశ్నించే వీలు వారికి ఉండేది.

7.6 రెండు ప్రతివాదాలు

పై విమర్శకు రెండు గట్టి ప్రతివాదాలు ఉన్నాయి. పరీక్షలో జవాబు రాసేటప్పుడు వీటిని విస్మరించకండి.

మొదటిది: షరతులు లేకుండా డబ్బిస్తే పంచాయతీలు రోడ్లకే ఖర్చు చేస్తాయి, నీరు, పారిశుద్ధ్యం వెనకబడతాయి. ఈ వాదనలో నిజం ఉంది. నా బృందం వేయించిన పటంలోనే నీరు కిందకి పోయింది కదా. అందుచేత షరతులన్నీ తీసేయమని నేను అనడం లేదు. షరతు ఉన్న నిధిని ఊరిలో ఏ వీధికి, ఎవరికి ముందు వాడాలన్నది మాత్రం స్థానిక పరిశోధన ఆధారంగా తేలాలి.

రెండోది: సర్పంచి, వార్డు సభ్యులు ప్రజలు ఎన్నుకున్నవారు. సర్వే ఏం చెప్పినా తుది నిర్ణయం వారిదే. పరిశోధకుడు పాలకుడు కాడు. ఇది ప్రజాస్వామ్య సూత్రం, దీనిని గౌరవించాలి. పాలకవర్గం ఒక పరిశీలనను పక్కనపెట్టవచ్చు. అయితే కారణం చెప్పకుండా పక్కనపెడితే ప్రజలు తమ ప్రతినిధిని ఏ ప్రాతిపదికన ప్రశ్నించాలి? కారణం రాసిపెట్టడం వల్ల ప్రతినిధి అధికారం తగ్గదు.

షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రజాభాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనగా వర్ణించిన వ్యాసం మీకు గుర్తుండే ఉంటుంది. సంప్రదింపు అందులో నాలుగో మెట్టు మాత్రమే. అడగడం జరిగినా, చెప్పినది లెక్కలోకి వస్తుందన్న హామీ లేని స్థితి అది. మన ప్రణాళికలు ఎక్కువగా ఆ మెట్టు దగ్గరే నిలిచి ఉన్నాయి.

7.7 రెండు వైపుల జాడ: ఒక కొలబద్ద

ఇంతవరకు చేసిన విమర్శనుంచి ఒక కొలబద్ద తయారుచేసుకోవచ్చు. దీనిని 'రెండు వైపుల జాడ' అందాం.

(అ) వెనక్కి జాడ: ప్రణాళికలోని ప్రతి పనినీ తీసుకుని, ఇది ఏ పరిశీలన నుంచి వచ్చింది, ఎవరు చెప్పారు, ఏ వీధివారు చెప్పారు అని వెనక్కి వెళ్లాలి. జాడ దొరకని పని కాంట్రాక్టరు సౌకర్యం నుంచో, అలవాటు నుంచో వచ్చి ఉండవచ్చు.

(ఆ) ముందుకు జాడ: సర్వేలో, సభలో, సంఘాల పత్రంలో తేలిన ప్రతి ముఖ్య విషయాన్నీ తీసుకుని, ఇది ఏ పనిగా మారింది, మారకపోతే కారణం రాశారా, ఆ కారణాన్ని చెప్పినవారికి తెలిపారా అని ముందుకు వెళ్లాలి.

ముందుకు జాడ ఎక్కువ ముఖ్యం. వెనక్కి చూస్తే ప్రణాళికలో ఉన్నవే కనిపిస్తాయి. ముందుకు చూస్తేనే దారిలో జారిపోయినవి కనిపిస్తాయి. నా పాత నివేదికకు ఈ పరీక్ష పెడితే రోడ్డు వెనక్కి జాడలో నెగ్గుతుంది: చింతగింజల లెక్క ఉంది. ముసలామె మాట ముందుకు జాడలో అనుబంధం దగ్గర ఆగిపోతుంది.

దీన్ని అమలు చేయడానికి కొత్త చట్టం అక్కరలేదు. పంచాయతీ కార్యాలయంలో ఒక రిజిస్టరు చాలు. అందులో నాలుగు గడులు: చెప్పిన విషయం, చెప్పిన ఆవాసం, తీసుకున్న నిర్ణయం, కారణం. వ్యక్తుల పేర్లు రాయవద్దు. మోటారు యజమాని గురించి చెప్పిన స్త్రీకి ఆ మాట వల్ల మర్నాడు కూలి పోకూడదు. తరవాతి గ్రామసభ మొదట ఈ రిజిస్టరునే చదివి వినిపించాలి.

క్షేత్ర అభ్యాసం: మీ పంచాయతీ ప్రణాళికను ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్ నుంచిగానీ, కార్యాలయం నుంచిగానీ తీసుకోండి. ఏవైనా ఐదు పనులకు వెనక్కి జాడ చూడండి. తరవాత మీ ఊళ్లో గ్రామసభకు సాధారణంగా రాని ఐదుగురితో వారికి వీలైన వేళ, వారి ఇంటి దగ్గర మాట్లాడండి. వారు చెప్పిన విషయాలకు ముందుకు జాడ చూడండి. రెండు పుటల్లో, తెలుగులో రాయండి. ఒక ప్రతిని అధ్యయన కేంద్రంలో ఇవ్వండి. ఇంకో ప్రతిని మీరు మాట్లాడినవారికి చదివి వినిపించండి. పట్టణవాసులు తమ వార్డులో ఇదే అభ్యాసం చేయవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. సంక్షేమానికి, శ్రేయస్సుకు తేడా ఏమిటి?
2. 'ఊళ్లో ట్యాంకు ఉంది' అన్న సరైన జవాబు ప్రణాళికను ఎలా తప్పుదారి పట్టించగలదు?
3. ముందుకు జాడ అంటే ఏమిటి?

7.8 సారాంశం

గ్రామపంచాయతీ అభివృద్ధి ప్రణాళిక మనుషుల శ్రేయస్సును కేంద్రంగా గుర్తించింది. సమాచార సేకరణకు తగిన పద్ధతులు, వేదికలు ఉన్నాయి. అయితే ప్రజలు చెప్పిన విషయం నాలుగుచోట్ల ఆగిపోతోంది: అడిగే సమయం, స్థలం సరిగ్గా లేనిచోట; సగటులో తేడాలు కలిసిపోయినచోట; అనుభవం వస్తువుగా మారినచోట; డబ్బుకు ముందే దారి నిర్ణయమైనచోట. కేరళ అనుభవం నిధుల హామీని, ఊరివారి భాషలో నివేదికను, చిన్న బృందాల చర్చను కలిపి ఒక మార్గం చూపింది. దానికీ పరిమితులు ఉన్నాయి. పాలకవర్గానికి నిర్ణయించే హక్కు ఉంది, కారణం చెప్పే బాధ్యత కూడా ఉంది. మీలో కొందరు రేపు ట్యాబ్ పట్టుకుని ఒక ఇంటి గుమ్మం ముందు నిలబడతారు. ఆ ఇంట్లోవారు చెప్పే మాట ఎక్కడిదాకా వెళ్తుందో ముందే తెలుసుకుని, వారికి నిజం చెప్పి అడగండి.

7.9 ముఖ్య పదాలు

శ్రేయస్సు: మనిషి జీవించే వాస్తవ స్థితి, ఆరోగ్యం, ఆదాయం, భద్రత, మర్యాద, తోడు ఇందులో భాగాలు.
ప్రజా పరిశోధన: స్థానికుల భాగస్వామ్యంతో వారి స్థితిగతులను తెలుసుకునే ప్రక్రియ.
షరతుల గ్రాంటు: నిర్దేశించిన అవసరానికే ఖర్చుచేయవలసిన నిధి.
ఆవాసం: పంచాయతీ పరిధిలో విడిగా ఉన్న నివాస ప్రాంతం, కాలనీ, తండా, గూడెం వంటివి.

7.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో జవాబు రాయండి.
1. గ్రామపంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ప్రజా పరిశోధన నిర్ణయంగా మారకుండా ఆగిపోయే సందర్భాలను విమర్శనాత్మకంగా చర్చించండి.
2. కేరళ ప్రజా ప్రణాళిక ప్రచారోద్యమం విశేషాలను, పరిమితులను వివరించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో జవాబు రాయండి.
1. షరతుల గ్రాంటుకు అనుకూలంగా, ప్రతికూలంగా ఉన్న వాదనలేవి?
2. సమాచారం ఇచ్చినవారి పేర్లు రిజిస్టరులో ఎందుకు రాయకూడదు?
3. తక్కువ ఖర్చుతో, ఖర్చు లేకుండా చేసే పనులకు మీ ఊరి నుంచి మూడు ఉదాహరణలు ఇవ్వండి.